బావమరిదికి 55 మంది జామీను: ఏడో హెన్రీ ప్రభువులను పట్టిన పట్టు

ప్రశ్న: సొంత సైన్యమంటూ లేని ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ, ముప్పై ఏళ్లు ఒకరినొకరు నరుక్కున్న ప్రభువులను ఎలా అదుపులో పెట్టగలిగాడు?

దీనికి ఇప్పటికే వచ్చిన రెండు జవాబులు చదివాను. ఒకరు స్టార్ చాంబర్ కోర్టు (రాజు సలహాదారులే విచారించే కోర్టు) వల్ల అన్నారు. ఇంకొకరు, హెన్రీ పరమ లోభి, జరిమానాలు వేసి ప్రభువుల రక్తం పీల్చేశాడు అన్నారు. రెండూ అసలు సంగతి దగ్గరికి రాలేదని నా గట్టి అభిప్రాయం. హెన్రీ వాళ్లను పట్టుకున్నది జామీను సంతకాలతో. వసూలు చేసిన డబ్బు కన్నా, వసూలు చేయకుండా నెత్తిమీద వేలాడదీసిన డబ్బే అతనికి ఎక్కువ పని చేసింది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి కాగితం కింద నేనూ రెండేళ్లు బతికాను.

2007లో హైదరాబాదులో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ట్రైనింగ్ ఇస్తారట, రెండేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలట. నా ఒక్కదాని సంతకం చాలదు, ఇద్దరు జామీను ఉండాలి, అందులో ఒకరు గవర్నమెంటు ఉద్యోగి అయి తీరాలి అన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. (ఈ పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తోందంటే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల చదువు కాగితాలు పెట్టుకోవడానికి వీళ్లెవరు?)

నాన్న ఒక సంతకం పెట్టారు. రెండోది మా మేనమామ. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం భోజనాల బల్ల మీద పరిచి, కళ్లజోడు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. "సంయుక్తంగాను, విడివిడిగాను బాధ్యులము" అన్న చోట వేలు పెట్టి ఆగిపోయారు. అత్తయ్య వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది. "అంటే నువ్వు కట్టకపోతే మొత్తం నా ఒక్కడి దగ్గరే వసూలు చేసుకోవచ్చన్నమాట," అన్నారు. నేను తల ఊపాను. ఇంకేమీ అనకుండా సంతకం పెట్టి, పెన్ను క్యాపు పెట్టి, "బాగా చేసుకో అమ్మా," అన్నారు.

ఏడాది తిరిగేసరికి జీతం దాదాపు రెట్టింపు ఇచ్చే ఆఫరు వచ్చింది. వెళ్లలేదు. ఆ కంపెనీవాళ్లు నన్ను బెదిరించింది లేదు, బాండు పేరెత్తింది కూడా లేదు. కానీ పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా మామయ్య, "ఉద్యోగం బాగుందా తల్లీ?" అని అడిగేవారు. ఆ ఒక్క మాటకే నాకు రెండు రోజులు టెన్షన్. రెండేళ్లు అయ్యాక కాగితం వెనక్కి ఇచ్చారు. ఎవరూ ఒక్క రూపాయి కట్టలేదు. ఆ కాగితం పని మాత్రం పూర్తిగా అయిపోయింది.

ఇక హెన్రీ సంగతికి వస్తాను. ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాను. ఆదివారం ఎండ కాస్తే ఇక్కడి తెలుగువాళ్లం పులిహోర డబ్బాలు సర్దుకుని బ్రాడ్‌గేట్ పార్కుకు వెళ్తాం. జింకలు తిరిగే ఆ పార్కులో ఎర్ర ఇటుకల పాత బంగళా ఒకటి శిథిలంగా నిలబడి ఉంటుంది. తొమ్మిది రోజులు రాణిగా ఉండి తల పోగొట్టుకున్న జేన్ గ్రే ఇల్లని అందరూ ఫోటోలు దిగుతారు. ఆమె ముత్తాత సంగతి ఎవరూ ఎత్తరు. ఈ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే ఉంది.

ఆయన పేరు థామస్ గ్రే, డార్సెట్ మార్క్విస్ (డ్యూక్‌కు ఒక మెట్టు కింది ప్రభువు). హెన్రీ భార్య ఎలిజబెత్‌కు తల్లి వైపు అన్న, అంటే రాజుకు స్వయానా బావమరిది. కానీ నమ్మదగ్గ మనిషి కాదు. హెన్రీ ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉన్న రోజుల్లో, గ్రే రాత్రికి రాత్రి పారిపోయి అప్పటి ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ పక్షాన చేరబోతుంటే దారిలో పట్టుకొచ్చారు. 1485లో దండెత్తి బయల్దేరేటప్పుడు హెన్రీ అతన్ని వెంట తీసుకెళ్లలేదు, తెచ్చిన అప్పుకు తాకట్టుగా పారిస్‌లోనే వదిలేశాడు. ఆగస్టు 22న బోస్వర్త్ యుద్ధంలో రిచర్డ్‌ను ఓడించి రాజయ్యాడు, తర్వాత డబ్బు కట్టి గ్రేను విడిపించుకున్నాడు. 1487లో, సింహాసనానికి వారసుడని చెప్పి నిలబెట్టిన లాంబర్ట్ సిమ్నెల్ అనే కుర్రాడి పేరుతో తిరుగుబాటు లేస్తే, ముందు జాగ్రత్తగా గ్రేను లండన్ టవర్ కోటలో ఖైదు పెట్టించాడు.

అసలు పని 1492లో జరిగింది. హెన్రీ గ్రే చేత ఒప్పందం రాయించుకున్నాడు. దాని ప్రకారం గ్రే తన భూముల్లో చాలా భాగాన్ని ట్రస్టీల పేరు మీదకు మార్చాలి, కొడుకును రాజు సంరక్షణలోకి అప్పగించాలి, బుద్ధిగా ఉంటానని పూచీ ఇవ్వాలి. ఆ పూచీ అతనొక్కడి మాటతో సరిపోలేదు. ఇంకో 55 మందిని తెచ్చి వాళ్ల చేతా బాండ్లు రాయించాలి. అన్నీ కలిపి పదివేల పౌండ్లు.

ఇక్కడ కాస్త ఆగండి. గ్రే రాత్రి పూట ఎవరితోనో గుసగుసలాడాడనుకుందాం. కనిపెట్టి చూసేది రాజుగారి వేగులే కాదు. సంతకం పెట్టిన 55 మందీ, వాళ్ల భార్యలూ, వాళ్లకు అప్పులిచ్చినవాళ్లూ అందరూ కనిపెట్టి చూస్తారు. మా మామయ్య పెళ్లిలో అడిగిన ప్రశ్నే, గ్రేను 55 గొంతులు అడుగుతూ ఉంటాయి. రాజు జీతం ఇవ్వకుండానే కాపలా కుదిరింది. 1501లో చనిపోయేదాకా గ్రే మళ్లీ తోక ఝాడించలేదు.

ఈ బాండుకు చట్టంలో ఉన్న బలం వేరు. "ఫలానా తప్పు చేస్తే అప్పుడు చూద్దాం" అనే రకం కాదు. "నేను రాజుకు ఇంత బాకీ ఉన్నాను, ఫలానా షరతు పాటిస్తే ఆ బాకీ రద్దు" అని ముందే ఒప్పేసుకుని రాసిచ్చేది. కాబట్టి షరతు తప్పాడంటే రాజద్రోహం నిరూపించాల్సిన పని లేదు, పాత బాకీ వసూలు చేసుకుంటే చాలు. హెన్రీ కాలంలో ప్రభువుల కుటుంబాలు 62 ఉంటే, 46 లేదా 47 కుటుంబాలు ఏదో ఒక సమయంలో ఇలాగో ఆస్తుల జప్తు ద్వారానో అతని గుప్పిట్లోకి వచ్చినవే. బాండ్లు రాసిచ్చినవే 36.

లోభి అనేవాళ్లకు బర్గవెన్నీ ప్రభువు కథ చెప్తాను. 1504లో వచ్చిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పరివారాన్ని పోగేస్తే మనిషికి నెలకు అయిదు పౌండ్లు జరిమానా. ఈయన కెంట్‌లో 471 మందిని పెట్టుకున్నాడని తేలింది. 1507లో లెక్క కడితే 70,650 పౌండ్లు. రాజుగారి ఏడాది ఆదాయంలోనే పెద్ద భాగం అది! హెన్రీ దాన్ని తగ్గించి, పదేళ్లలో 5,000 కట్టమన్నాడు. పైగా అనుమతి లేకుండా కెంట్, సర్రీ, సస్సెక్స్, హాంప్‌షైర్‌లలో అడుగు పెట్టకూడదన్నాడు. డబ్బే కావాల్సినవాడు మనిషిని సొంత జిల్లా నుంచి ఎందుకు దూరం పెడతాడు? ఆ పెద్ద అంకె వసూలు చేయడానికి వేసింది కాదు.

మరో చిన్న ఫిర్యాదు. ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ విందు పెట్టి, యూనిఫాం వేసిన అనుచరులను వరుసగా నిలబెట్టాడనీ, భోంచేసి వెళ్తూ వెళ్తూ రాజు జరిమానా వేశాడనీ ఒక కథ ప్రతి వీడియోలో చెప్తారు. హెన్రీ పోయిన వందేళ్లకు పైగా గడిచాక రాసిన కథ అది. బాండ్ల రికార్డులు కళ్ల ముందుండగా ఇలాంటి విందు కథలు ఎందుకు పట్టుకుని వేలాడతారో నాకు అర్థం కాదు.

భయమే కాదు, ఆశ కూడా చూపించాడని ఒప్పుకోవాలి. సర్రీ ఎర్ల్ థామస్ హోవార్డ్ బోస్వర్త్‌లో హెన్రీకి ఎదురు నిలిచి పోరాడినవాడు. తండ్రి నార్ఫోక్ డ్యూక్ అక్కడే చనిపోయాడు. ఇతను టవర్‌లో మూడేళ్లకు పైగా ఉన్నాడు. 1489లో విడుదల చేసి ఎర్ల్ బిరుదు తిరిగిచ్చారు, అల్లర్లు చెలరేగిన యార్క్‌షైర్‌కు పంపారు. భూములు మాత్రం ఒక్కసారిగా ఇవ్వలేదు, పని చూసి కొంచెం కొంచెంగా వదిలారు. తండ్రి డ్యూక్ బిరుదు హెన్రీ బతికుండగా రానే లేదు, 1514లో కొడుకు ఎనిమిదో హెన్రీ ఇచ్చాడు.

కాకపోతే హెన్రీ చివరి ఏళ్లలో ఇది హద్దు దాటింది. అక్కడ నేను అతన్ని వెనకేసుకు రాను. ఎంప్సన్, డడ్లీ అనే రాజు కొలువులోని ఇద్దరు లాయర్లు చిన్నాచితకా తప్పులకూ బాండ్లు రాయించారు. 1509 ఏప్రిల్ 21న రాజు పోయాడు, మూడు రోజుల్లోపే ఇద్దరినీ పట్టుకుపోయి టవర్‌లో పెట్టారు. అక్కడ కూర్చుని డడ్లీ, అన్యాయం జరిగిన కేసులు 84 జాబితాగా రాశాడు. చాలామందిని తన గుప్పిట్లో ఉంచుకోవాలన్నదే రాజుగారి ఉద్దేశమని అందులో ఒప్పుకున్నాడు. రాయించుకున్నవాడే చెప్పాక ఇక నేను వాదించాల్సిన పని లేదు. 1510 ఆగస్టులో ఇద్దరికీ తలలు కొట్టేశారు. కొత్త రాజు చాలా బాండ్లు రద్దు చేయించాడు.

మా బాండు కాగితం వెనక్కి వచ్చిన రోజు మామయ్యకు ఫోన్ చేశాను. "చించెయ్యకమ్మా, నాకు పంపించు," అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆయన పోయాక, ఎల్‌ఐసీ కాగితాలున్న ఫైల్లో అది మడత నలగకుండా కనిపించింది.