గాలి ఎటు నుంచి వీస్తోంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి నెల బల్ల మీద ఆడే కథల ఆట గురించి రాసినప్పుడు మా బోర్డు ఫొటో ఒకటి వేశారు. మంచు కొండలు, గడ్డకట్టిన చెరువు, దాని ఒడ్డున నలుగురు బొమ్మ వీరులు. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. ఈ ఆటలో ఒకరు కథ నడిపిస్తారు, వాళ్ళని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర ఏదైనా కష్టమైన పని చేయబోతే 20 ముఖాల పాచిక వేసి చూస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో వచ్చింది, ఈ తరహా ఆటలన్నీ దాని తర్వాతివే. మా ఇంటికి దాన్ని మా అబ్బాయి బెంగళూరు నుంచి తెచ్చాడు. నాది అనంతపురం పాతూరు. పెళ్ళి మంటపాలకు థర్మాకోల్ అక్షరాలు, హంసలు కోయడం నా పని. ఆదివారం సాయంత్రం షాపు షట్టర్ సగం దించి ఆడుకుంటాం. గేమ్ మాస్టర్ని నేనే.

*అక్కా, నేను ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాను. వంట సోడాలో ఫెవికాల్ కలిపి మంచు చేశాను. మొదట బాగుంది, నాలుగు నెలలకు పసుపు పచ్చగా తిరిగింది. ఇంకో కొండకు తెల్ల స్ప్రే పెయింట్ కొడితే థర్మాకోల్ కరిగి గుంతలు పడింది. ఎక్కడ పొరపాటు చేశాను?*

తమ్ముడూ, స్ప్రే డబ్బాలో రంగుతో పాటు ద్రావకం ఉంటుంది. అది థర్మాకోల్‌ని తినేస్తుంది. నాకు ఈ పాఠం ఒక పెళ్ళి ముందు రోజు రాత్రి తెలిసింది. పెళ్ళికూతురి పేరుకి వెండి రంగు స్ప్రే కొట్టి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్షరాలు ఎవరో నమిలేసినట్టు ఉన్నాయి. తెల్లారేదాకా కూర్చుని మళ్ళీ కోశాను. అప్పటి నుంచి థర్మాకోల్‌కి ముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి, బాగా ఆరనిచ్చి, ఆ పైన నీళ్ళలో కలిసే రంగులే వాడుతున్నాను.

సోడా సంగతికి వస్తే, ఫెవికాల్‌తో కలిపిన సోడా కొంత కాలానికి పసుపు పడుతుంది. దాని బదులు ముగ్గుపిండి తీసుకోండి. మెత్తటి పాత చీర గుడ్డలో జల్లించండి. రెండు చెంచాల పిండికి ఒక చెంచా ఫెవికాల్, ఒక చెంచా తెల్ల ఎక్రిలిక్ రంగు. ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా ఉండాలి. నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది. జల్లించేటప్పుడు ఫ్యాన్ ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ముగ్గుపిండి లేదని సున్నం మాత్రం వాడొద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం.

మీ ఊళ్ళో పత్తికి కొదవ లేదు కదా, అది పరిచేద్దామనిపిస్తుంది. నేల మీద పరిస్తే పోగులు కనిపించి వెంట్రుకల్లా ఉంటుంది. దాన్ని గుడిసె పొగగొట్టంలోంచి వచ్చే పొగకి దాచుకోండి.

*మేడమ్, నేను ప్రొద్దుటూరులో టీచర్ని. సెలవుల్లో మా పిల్లలతో మంచు కొండ చేయించాను. పైనుంచి కింద దాకా తెల్లగా పూశాం. కేకు మీద క్రీమ్ పూసినట్టు ఉంది. మాలో ఎవరూ మంచు కురవడం చూడలేదు. చూడనిదాన్ని ఎలా చేయాలి?*

నేనూ చూడలేదు మేడమ్. మే నెలలో మా షాపు రేకుల కింద కూర్చుని మంచు చేస్తుంటాను. అయినా చేయగలుగుతున్నాను, ఎందుకంటే గాలి ఏం చేస్తుందో నాకు తెలుసు.

మా జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది పక్కన ఇసుక దిబ్బలున్నాయి. అమ్మమ్మ వాళ్ళది అటు పక్కే. ఆషాఢం గాలి మొదలైతే ఆ ఇసుక లేచి చేల మీద పడుతుంది. చిన్నప్పుడు సర్కారు తుమ్మ పొదల దగ్గర ఆడుకునేవాళ్ళం. గాలి వచ్చే వైపు పొద మొదట్లో నేల తవ్వినట్టు గుంత ఉండేది. అవతలి వైపు ఇసుక పేరుకుని, దూరం పోయేకొద్దీ సన్నబడుతూ తోకలా సాగేది. చాలా ఏళ్ళ తర్వాత మంచు దేశాల ఫొటోలు చూస్తే, రాళ్ళ వెనక, కంచెల వెనక అచ్చం అదే తోక. పొడి మంచుని కూడా గాలి అలాగే మోసుకెళ్ళి, తన వేగం తగ్గిన చోట దించేస్తుంది.

అందుకే బోర్డు మొదలుపెట్టే ముందు పిల్లల్ని ఒకటే అడగండి, గాలి ఎటు నుంచి వీస్తోంది? వాళ్ళే నిర్ణయించి అట్ట వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు గీయాలి. తర్వాత ప్రతి బండకీ, ప్రతి చెట్టుకీ గాలి వైపు మంచు పలచగా, అవతల మందంగా. శిఖరం మీద గాలి ఊడ్చేసిన చోట నల్ల రాయి బయటపడాలి. మొత్తం తెల్లగా పూసినప్పుడు పోయింది ఆ నలుపే.

ఇంకొకటి, నిట్టనిలువు రాతి మీద మంచు నిలవదు. మీకు గండికోట దగ్గరే కదా, ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి పెన్నా లోయ చూపించండి. రాయి పొరలు పొరలుగా, అరుగులు పేర్చినట్టు ఉంటుంది. ఇక్కడ మంచు కురిస్తే ఎక్కడ నిలుస్తుందని అడగండి, అరుగుల మీద అని వాళ్ళే చెప్తారు. థర్మాకోల్ పలకల్ని చేత్తో తుంచి ఒకదాని మీద ఒకటి అంటించి, ముదురు బూడిద రంగు వేసి, అరుగుల మీద మాత్రమే మంచు పెట్టండి. నా లెక్కలో దానికి మించిన కొండ లేదు.

లోతు కూడా లెక్కే. మన బోర్డు మీద అంగుళం అంటే 5 అడుగులు. బొమ్మకి మోకాలి లోతు మంచు కావాలంటే 8 మిల్లీమీటర్లు చాలు. వేలు మందాన పూస్తే పాపం ఆ వీరుడు నడుము దాకా కూరుకుపోయినట్టే.

ఇక తెలుపు. సున్నంలో నీలిమందు కలిపి గోడలకు కొట్టేవాళ్ళు గుర్తుందా? బట్టలకు పెట్టే ఆ నీలం ఒక్క చుక్క తెల్ల రంగులో కలిపి, నీడ పడే వైపు, పాదముద్రల గుంతల్లో వేయండి. మంచు నీడ ఆకాశపు వెలుగుతో నీలంగానే కనిపిస్తుంది. ఎత్తుల మీద మాత్రం స్వచ్ఛమైన తెలుపు ఉంచండి. పిల్లలు చేసిన పాత కొండ పారేయకండి, బండలున్న చోట గోకితే సగం పని అయిపోయినట్టే.

*గడ్డకట్టిన చెరువు ఎలా చేశారు? – కడప నుంచి ఒక చదువరి*

ఫైలు పైన ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. అడుగు వైపు ముదురు నీలం, ఆకుపచ్చ కలిపి మచ్చలు మచ్చలుగా వేశాను. పై వైపు సూదితో పగుళ్ళు గీసి, గీతల్లో తెల్ల రంగు రుద్ది తుడిచాను. మందమైన మంచుగడ్డ ఎర్రటి వెలుగుని పీల్చుకుంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. ఒడ్డు వెంబడి తెల్లగా ఉంచండి. చూరు నుంచి వేలాడే మంచు ఊచలకి గ్లూ గన్ జిగురు సాగదీస్తే చాలు. అవి కరిగిన నీళ్ళు కారుతూ మళ్ళీ గడ్డకడితే వస్తాయి, అందుకని ఎండ తగిలే చూరుకే పెట్టండి.

*అక్కా, మేం కర్నూల్లో నలుగురం ఆడుతున్నాం. చలికాలం కథ మొదలుపెట్టాను. తోడేళ్ళు వస్తాయి, చంపేస్తారు. మంచు రాక్షసుడు వస్తాడు, చంపేస్తారు. ఇదంతా ఎండాకాలంలో జరిగినా తేడా లేదనిపిస్తోంది. ఆటలోకి చలిని ఎలా తేవాలి?*

మీకు వచ్చిన అనుమానం సరైనదే. చలి పక్కన నిలబడి చూస్తుంటే కుదరదు, అదీ ఒక పాత్రై పోటీకి రావాలి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాల్లో దీనికి దారి ఉంది. సుమారు మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చలిలో గంటకోసారి పాచిక వేసి, పాత్ర ఒంటి దారుఢ్యానికి ఉన్న అంకె దానికి కలిపితే కనీసం 10 రావాలి. రాకపోతే అలసట ఒక మెట్టు పెరుగుతుంది, ఆరో మెట్టు చావు. చలి దుస్తులుంటే ఈ పరీక్ష అక్కర్లేదు. అందుకే చాలామంది గేమ్ మాస్టర్లు అందరికీ కోట్లు ఇచ్చేసి చలిని మర్చిపోతారు. నేను నలుగురికి మూడు కంబళ్ళే ఇస్తాను. కంబళి లేకుండా ఉండేది ఎవరన్న దగ్గరే మావాళ్ళు అరగంట వాదించుకున్నారు, కత్తి తీయకుండా.

అంకెలు చెప్పే ముందు ఒళ్ళు ఎలా ఉందో చెప్పండి. వేళ్ళు ముడి విప్పలేకపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతే అది ప్రమాదం. ఇంకా దిగజారితే వణుకు కూడా ఆగిపోతుంది. "నీకు వణుకు ఆగిపోయింది" అని నేను మెల్లగా అంటే, బాగుపడ్డానని ఒకబ్బాయి సంతోషించాడు. పక్కనున్న అమ్మాయి ముఖం మాత్రం పాలిపోయింది.

మొన్న సంక్రాంతికి మా ఆట చెప్తాను. మా బుక్కరాయసముద్రం చెరువునే గడ్డకట్టించాను. కట్ట, తూము, అలుగు అన్నీ ఉన్నాయి. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర బాగా బరువు, అంతకన్నా చల్లబడితే తేలికై పైకి వస్తాయి కాబట్టి చెరువు పైనుంచి గడ్డకడుతుంది. నీరు కదిలే తూము దగ్గర గడ్డ పలచన. పలచటి గడ్డకి నియమం ఇది: 10 అడుగుల గడికి, పది ముఖాల పాచికలు మూడు వేసి, మొత్తాన్ని 10తో గుణిస్తే అది మోసే పౌండ్లు. నేను చాటుగా వేస్తే 11 వచ్చింది. 110 పౌండ్లంటే 50 కిలోలు. కవచంతో మా యోధుడు ఆ రెట్టింపు ఉంటాడు. కాలు పెట్టగానే "టిక్" మన్న శబ్దం వచ్చిందని చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. అతను బోర్లా పడుకుని, కవచం విప్పి, తాడు కట్టి ముందుకు జార్చాడు. అలా పాకుతూ దాటాడు.

అవతల తోడేళ్ళున్నాయి. వాటిని వెంటనే దూకించలేదు. పొద్దున్నుంచీ వెంట వస్తున్నాయి, ఎవరు ముందు అలిసిపోతారా అని చూస్తున్నాయి. ఎక్కడ దాక్కున్నాయో కనుక్కోవాలంటే పాచిక వేయండన్నాను. వేటగత్తె పాత్ర ఆడే అమ్మాయి పాచిక పక్కన పెట్టి, బోర్డు మీదికి వంగి చూసింది. "ఆంటీ, బండల వెనక మంచు తోకలన్నీ కట్ట వైపే ఉన్నాయి. అంటే గాలి మన మీదుగా అటు పోతోంది. మన వాసన వాటికి తెలియాలి, వాటి వాసన మన కుక్కకి తెలియకూడదు. కట్ట వెనకే ఉంటాయి" అంది. నిజంగా అక్కడే పెట్టాను. పాచిక అవసరం లేకుండానే ఒప్పుకున్నాను. ఆ రోజు వాళ్ళు కట్ట ఎక్కలేదు. తమ సామాను బండి పలకలు విరిచి మంట పెట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. తెల్లారి బండి లేకుండా నడవాల్సి వచ్చింది, దాని బాధ ఇప్పటికీ మోస్తున్నారు.

మీరూ బోర్డు మీద బాణం గుర్తు గీసుకుని మొదలుపెట్టండి. కొండచరియ పెడితే దాని వాలు పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలవండి. మంచు విరిగిపడేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అది మీకు తెలిసి, వాళ్ళకి తెలియనివ్వకుండా, గట్టిగా అరవొద్దని మాత్రం ఒక ముసలావిడ చేత చెప్పించండి. నిజానికి అరుపుకి మంచు విరగదు, నడిచే మనిషి బరువుకి విరుగుతుంది. ఆవిడ నమ్మకం ఆవిడది, వాళ్ళు ఎవరిని నమ్ముతారో చూడండి.

*మాది కణేకల్లు దగ్గర పల్లె. హగరి ఇసుకకే తెల్ల రంగు వేసి మంచులా వాడొచ్చా?*

పైన వద్దు. మిల్లీమీటరు ఇసుక గింజ మన లెక్కలో రెండు అంగుళాలకు పైన, మంచుకి బదులు గులకరాళ్ళు పరిచినట్టు ఉంటుంది. అడుగున ఫెవికాల్‌తో గరుకు నేలగా పరిచి, దాని మీద ముగ్గుపిండి మిశ్రమం వేయండి. మీ దగ్గర నాకు కావాల్సింది వేరే ఉంది. ఆషాఢంలో గాలి బాగా వీచిన మరుసటి పొద్దున, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, తుమ్మ పొద వెనక ఇసుక తోకని పక్క నుంచి ఒక ఫొటో తీసి పంపండి. పొద ఎత్తు, తోక పొడవు జానలతో కొలిచి రాయండి. వచ్చే కొండ దాన్ని చూసి చేస్తాను.