పాట తెగిన చోటే మీ ప్రాజెక్టు ఉంది

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్‌లో పెద్ద ప్రోగ్రామ్‌ను కంపైల్ చేస్తుంటే (యంత్రభాషలోకి మారుస్తుంటే), వింటున్న పాట చిటపటలాడుతూ తెగిపోయేది. కంపైలర్ నైస్ విలువను (పెరిగేకొద్దీ ప్రాసెసర్ సమయంలో వాటాను తగ్గించే అంకెను) 19కి పెంచగానే సర్దుకుంది. అప్పటి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్స్‌పై ఆసక్తి పెరిగింది. దీనిలో కెరీర్ ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. అయితే పాట ఎందుకు సర్దుకుందో ముందు పూర్తిగా అర్థం చేసుకోవాలి. సౌండ్ కార్డు సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని కొలతలు) వాడుకుంటుందనుకుంటే, 256 శాంపిళ్ల బఫర్ (తాత్కాలిక నిల్వ) సుమారు 5.3 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. ఆలోగా ప్లేయర్ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) మేల్కొని తర్వాతి భాగాన్ని నింపకపోతే మీరు విన్న చిటపట పుడుతుంది. ఆ నింపే పనికి ప్రాసెసర్ సమయం పట్టేది చాలా కొద్దిగానే. కానీ కంపైలర్ ప్రాసెస్‌లు ప్రతి కోర్ దగ్గరా వరుస కట్టినప్పుడు ప్లేయర్ వంతు ఆలస్యంగా వస్తుంది. అంటే ఇక్కడ లోపించింది వేగం కాదు, సమయానికి వంతు దొరకడం.

నైస్ విలువ (-20 నుంచి 19 వరకు) ప్రాసెసర్ సమయంలో ఎవరికెంత వాటా అన్నది మారుస్తుందే తప్ప, ఫలానా గడువులోగా వంతు వస్తుందని హామీ ఇవ్వదు. అందుకే వృత్తిపరమైన ఆడియో సాఫ్ట్‌వేర్ రియల్‌టైమ్ షెడ్యూలింగ్‌ను కోరుతుంది. ఆ తరగతి థ్రెడ్‌లు సాధారణ ప్రాసెస్‌లన్నిటికంటే ముందు నడుస్తాయి. అటువంటి థ్రెడ్ అంతులేని లూప్‌లో పడితే యంత్రమే స్తంభించవచ్చు కనుక, లినక్స్ వాటిని సాధారణంగా సెకనుకు 0.95 సెకన్లకు పరిమితం చేస్తూ వచ్చింది. అధిక ప్రాధాన్యం ఇచ్చినా ఆడియో థ్రెడ్‌కు కావలసిన లాక్ (ఉమ్మడి డేటాను ఒకేసారి ఒకరే వాడేలా చూసే తాళం) తక్కువ ప్రాధాన్యం ఉన్న థ్రెడ్ చేతిలో ఉంటే ఎదురుచూడక తప్పదు. 1997లో అంగారకుడిపై దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కంప్యూటర్ పదేపదే రీసెట్ కావడానికి కారణం ఈ ప్రాధాన్య విలోమమే.

అందువల్ల మీకు నా సలహా: కోర్సుల సర్టిఫికెట్ల కోసం పరుగెత్తకుండా, సీ భాషలో అల్సా (లినక్స్ ధ్వని వ్యవస్థ, ALSA) సాయంతో ఒక చిన్న ప్లేయర్ రాయండి. బఫర్‌ను 1024 శాంపిళ్ల నుంచి 128కి తగ్గిస్తూ, వెనుక కంపైలర్‌ను నడిపిస్తూ, ఎన్నిసార్లు బఫర్ ఖాళీ అయిందో లెక్కపెట్టండి. అదే ప్రయోగాన్ని సాధారణ ప్రాధాన్యంతోనూ, నైస్‌తోనూ, సీహెచ్‌ఆర్‌టీ (chrt) ఆదేశంతో ఇచ్చిన రియల్‌టైమ్ ప్రాధాన్యంతోనూ చేసి, ఫలితాలను పట్టికలో చూపండి. ఆలస్యం ఎక్కడ జరిగిందో పెర్ఫ్ (perf) అనే పనితీరు విశ్లేషణ సాధనంతో గుర్తించగలిగితే, అది నా దృష్టిలో రెజ్యూమెలో మొదటి వరుసలో ఉండదగిన పని.

కేవలం ఆడియో కంపెనీలనే లక్ష్యంగా పెట్టుకోవద్దు, ఆ ఉద్యోగాలు తక్కువ. గడువు తప్పకూడని పని వాహనాల కంట్రోలర్లలో, టెలికాం పరికరాలలో, ఎంబెడెడ్ వ్యవస్థలలో, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగం) బృందాలలో ఉంది. రియల్‌టైమ్ మార్పులు 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన లినక్స్ కెర్నల్‌లో చేరాయి. వాటిని చదవడం ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి అడిగితే ఒక విషయం తప్పక చెప్పండి: పాట వినడానికే అయితే బఫర్‌ను పెంచడమే సరైన పరిష్కారం, వాయిద్యాన్ని కంప్యూటర్ ద్వారా అప్పటికప్పుడు వినిపించాల్సి వచ్చినప్పుడే చిన్న బఫర్, రియల్‌టైమ్ ప్రాధాన్యం రెండూ అవసరమవుతాయి.