సెషన్ చివరి పదిహేను నిమిషాలు ఎలా గడుస్తాయో చూడండి

చిన్ననాటి సంఘటన ఒకటి ఇప్పటికీ వెంటాడుతోందని, కౌన్సెలింగ్‌కు వెళ్ళాలనుకుంటున్నానని రాశారు. ట్రామా, అంటే ఘోరమైన అనుభవం మనసుకు చేసే గాయం గురించి నిజంగా తెలిసిన థెరపిస్టును ఎలా గుర్తుపట్టాలి, మొదటి రోజే అంతా చెప్పాలా అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను. చెప్పనక్కర లేదు. మొదటి రోజే అంతా చెప్పమని పట్టుబట్టే వారి దగ్గరికి రెండోసారి వెళ్ళకండి. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో కింద రాస్తున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు ఒక రాత్రి మా ఇల్లు తగలబడింది. అందరం బయటపడ్డాం, నానమ్మ తప్ప. ఆ తర్వాత పాతికేళ్ళు ఆ రాత్రి గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. నడిరేయి లేచి ఇల్లంతా తిరిగి స్విచ్‌లు, పొయ్యి, తలుపు గడియలు చూసుకునేదాన్ని. ఎందుకని ఇంట్లో వాళ్ళు అడిగితే అలవాటని చెప్పేదాన్ని. చివరికి నిద్ర పూర్తిగా పోయాక ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళాను.

ఆయన పేరున్న మనిషి. గోడ నిండా సర్టిఫికెట్లు. మెత్తని కుర్చీలు, తక్కువ వెలుతురు. బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. వచ్చిన వాళ్ళకు ప్రశాంతంగా ఉంటుందని పెట్టి ఉంటారు. ముందుగా నింపి ఇచ్చిన ఫారంలో నేను ‘అగ్నిప్రమాదం’ అని స్పష్టంగా రాశాను. ఆ కాగితం, ఆ కొవ్వొత్తి ఒకే బల్ల మీద, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఆయనకు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. దాన్ని ఆర్పమని ఒక్క మాట అడగలేకపోయాను. అడగడానికి ఏమైందని మీకు అనిపించవచ్చు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం చేసేవి పోరాడటం, పారిపోవడం మాత్రమే కాదు, కదలకుండా బిగుసుకుపోవడం కూడా. బిగుసుకుపోయిన మనిషికి గొంతు పెగలదు. ఈ సంగతి తెలిసిన థెరపిస్టు మీరు అడిగేదాకా ఆగరు, తామే ముందుగా అడుగుతారు.

కళ్ళు మూసుకుని ఆ రాత్రిలోకి వెళ్ళమన్నారు. వెళ్ళాను. పొగ, మెట్లు, నాన్న కేకలు, అన్నీ వరసగా చెప్పాను. సరిగ్గా నానమ్మ గది తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన గడియారం చూశారు. “సమయం అయిపోయింది. వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం” అన్నారు. లేచి బయటికి వచ్చాను. మెట్ల మీద కూర్చుంటే మా ఇంటి చిరునామా గుర్తుకు రాలేదు. నా చేతులు ఎవరివో అన్నట్టు కనిపించాయి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. తర్వాత మూడు వారాలు కంటిమీద కునుకు లేదు. మళ్ళీ ఎవరి దగ్గరికైనా వెళ్ళడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

‘చెప్పుకుంటే బరువు దిగుతుంది’ అన్న మాట మీద నాకున్న కోపం కూడా అక్కడిదే. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పుకుంటే దిగుతుందో ఆ మాట చెప్పదు. ఘోరం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒక్క విడతలో జరిగినదంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని వాడవద్దంటోంది. జ్ఞాపకాన్ని తిరిగి చెప్పించే మంచి చికిత్సలు లేవని నేను అనడం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతి అలాంటిదే. మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు, ఒక్కొక్కటి గంటన్నర దాకా సాగుతుంది. అయితే అందులో ముందుగా ఏం చేయబోతున్నారో, ఎందుకో వివరిస్తారు, శ్వాస అభ్యాసం నేర్పుతారు. జ్ఞాపకాన్ని చెప్పించాక దాని గురించి మాట్లాడి గాని పంపరు. నాకు జరిగింది అది కాదు. గాయం విప్పి, కట్టు కట్టకుండా వీధిలోకి పంపించడం.

రెండో థెరపిస్టు అపాయింట్‌మెంట్ ఇస్తూ ఫోనులో అడిగిన మాట ఇది: “గదిలో మీకు ఇబ్బంది కలిగించేవి ఏమైనా ఉంటాయా? వాసనలు, చప్పుళ్ళు, తలుపు మూసి ఉండటం లాంటివి?” ఫోను పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ పెట్టేయమనలేదు, తొందరపెట్టలేదు. వెళ్ళిన రోజు ఏ కుర్చీలో కూర్చుంటారని అడిగారు. తలుపు కనిపించే కుర్చీ ఎంచుకున్నాను. కారణం అడగలేదు.

మొదటి కొన్ని వారాలు ఆ రాత్రి ఊసే లేదు. నిద్ర ఎలా ఉంది, భయం మొదలయ్యేటప్పుడు శరీరంలో ముందు ఎక్కడ తెలుస్తుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు, ఇవే ప్రశ్నలు. పాదాలు నేలకు ఆనించి గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పించేవారు. ఇంత మాత్రానికా ఇక్కడికి రావడం అని లోపల విసుక్కునేదాన్ని. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆపైన మళ్ళీ మనుషుల్లో కలవడం అని మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే మూడు దశలుగా చెప్పారని తర్వాత తెలిసింది. నా థెరపిస్టు నాతో చేయిస్తున్నది ఆ మొదటి దశ.

తొమ్మిదో సెషన్‌లో నాకు నేనుగా మొదలుపెట్టాను. మళ్ళీ అదే పొగ, అవే మెట్లు. నానమ్మ గది తలుపు దగ్గరికి వచ్చాను. ఆవిడ చెయ్యి కొంచెం పైకెత్తి, “ఈ రోజుకు ఇక్కడ ఆగుదామా?” అన్నారు. ఇంకా పదిహేను నిమిషాలు ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళకు నోరు విప్పితే ఆపుతారా అని అరిచాను. ఆవిడ సమర్థించుకోలేదు. “మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ తలుపు తీస్తే, మిమ్మల్ని మళ్ళీ ఇవతలికి తీసుకురావడానికి ఈ సమయం చాలదు. మీరు సరేనంటే వచ్చే వారం మొదట్లోనే తీద్దాం” అన్నారు. మిగిలిన సమయమంతా కర్టెన్ రంగు ఏమిటి, కాళ్ళు చల్లగా ఉన్నాయా, ఇంటికి ఎలా వెళ్తారు, రాత్రి తోడు ఎవరుంటారు, నిద్ర పట్టకపోతే ఏం చేస్తారు అన్న మాటలతో గడిచింది. ఆ రోజు ఇల్లు నాకు గుర్తుంది. నడిచే వెళ్ళాను.

నా దృష్టిలో థెరపిస్టును తేల్చేది ఆ పదిహేను నిమిషాలే. రెండు మూడు సెషన్లలో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎవరి ప్రకటన చూసినా ‘ట్రామాలో ప్రత్యేక శిక్షణ’ అని కనిపిస్తోంది. ఆ మాటను నమ్మి వెళ్ళకండి. ఎక్కడ శిక్షణ పొందారు, ఏ పద్ధతి వాడతారు, ఇప్పుడు ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని సూటిగా అడగండి. సెషన్ మధ్యలో నేను ఆపమంటే ఏం చేస్తారని కూడా అడగండి. నొచ్చుకుంటే, తడబడితే, ‘నా మీద నమ్మకం ఉంచండి’ అని దాటేస్తే ఇంకొకరిని వెతుక్కోండి. ఈఎండీఆర్ (కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స), ట్రామా మీద కేంద్రీకరించిన సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స), ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. కాబట్టి ఆ పేర్లు వింటే బెదరకండి. పేరు ఒక్కటే విని మురిసిపోవద్దు కూడా.

క్షమించమని పాఠం చెప్పేవారి గురించీ ఒక మాట. ఇంటికి ఎలా నిప్పంటుకుందో తెలిసిన మనిషి ఒకరు మా బంధువుల్లోనే ఉన్నారు. ‘క్షమించేయండి, మనసు తేలికవుతుంది’ అని నాకు కనీసం ముగ్గురు చెప్పారు, వారిలో ఒకరు కౌన్సెలర్. క్షమించాలో వద్దో తేల్చుకోవలసింది నేను. దాన్ని చికిత్సలో భాగంగా నా నెత్తిన పెట్టే అధికారం ఎవరికీ లేదు.

మంచి చేతుల్లో ఉన్నా కొన్ని వారాలు కష్టంగా గడుస్తాయి. కలలు పెరుగుతాయి. సెషన్ అయ్యాక ఏ పనీ చేయలేనంత అలసట వస్తుంది. వీలైతే ఆ రోజు వేరే పని పెట్టుకోకండి. ఆ కష్టం గురించి ఆ థెరపిస్టుతోనే మాట్లాడగలుగుతున్నారా అన్నది గమనించండి. నేను మొదటి ఆయనతో మాట్లాడలేకపోయాను, రెండో ఆవిడ మీద అరవగలిగాను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే పక్కన ఉన్నవాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

నానమ్మ గది తలుపు మరుసటి వారమే తీశాం. చాలా కాలం తర్వాత ఒక రోజు ఆవిడ సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి, ఒక పుల్ల వెలిగించి చూద్దామా అని అడిగారు. వద్దన్నాను. సరేనని తిరిగి సొరుగులో పెట్టేశారు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అయిదు నెలల తర్వాత ఆ అగ్గిపెట్టె ఇవ్వమని నేనే అడిగాను.