పెన్నా చివరి భూముల్లో వరి: ఆరబెట్టాలా, నీరు పెట్టాలా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం, సముద్రానికి దగ్గర. పెన్నా డెల్టా కాలువ చివర 4 ఎకరాల్లో నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) నాటి నెల కావస్తోంది. కాలువ నీరు వంతులవారీగా వస్తుంది. వంతు అందనప్పుడు బోరు నీరు పెడతాం, కానీ ఆ నీరు ఉప్పగా మారింది. చేను ఆరబెట్టి తడులు ఇమ్మంటున్నారు. మాకు పనికివస్తుందా? వరదల్లో సముద్రం పాలయ్యే నీటిని ఆపితే మా కష్టం తీరదా?

జవాబు: ఆరబెట్టి తడిపే పద్ధతి మంచిదే. కాలువ మొదట్లో ఉన్న మంచినీటి పొలాలకు దాన్ని గట్టిగా చెబుతాను. రంధ్రాలున్న గొట్టం పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ నీరు పెడితే నీరు ఆదా అవుతుంది, పొలం నుంచి వెలువడే మీథేన్ కూడా తగ్గుతుంది. మీ చేలో మాత్రం ఆ పని చేయకండి. ఉప్పు నేల ఆరేకొద్దీ అడుగున ఉన్న లవణాలు తేమతోపాటు పైకెక్కి వేళ్ల చుట్టూ పేరుకుంటాయి. గట్ల మీద కనిపించే తెల్లటి పొర అదే.

మీరు 2-3 సెంటీమీటర్ల నీరు పలుచగా నిలిపితే చాలు. ఎకరాలో 5 సెంటీమీటర్ల నీరంటే 2 లక్షల లీటర్లు. కాబట్టి ఎండ్రకాయల బొరియలు, ఎలుక కన్నాలు మూసి గట్లు గట్టిపరిస్తేనే ఎంతో మిగులుతుంది. కాలువ నీరు వచ్చినప్పుడు చేలోని పాత నీటిని మురుగు కాలువలోకి తీసేసి కొత్త నీరు పెట్టండి, ఉప్పు కడుక్కుపోతుంది.

వరి పిలకల దశలో కొంత ఉప్పును ఓర్చుకుంటుంది. చిరుపొట్ట (కాండంలో కంకి ఏర్పడే దశ) నుంచి పూత వరకు ఓర్వలేదు, తాలు పెరుగుతుంది. అందుకే బోరు నీరు తప్పనిసరైతే ఇప్పుడే, కాలువ నీటితో కలిపి వాడండి. చిరుపొట్ట, ఈనిక దశల్లో కాలువ వంతు మీ చేనుకు తప్పకుండా అందేలా పై రైతులతో ఇప్పుడే మాట్లాడుకోండి. జిప్సం కారుచౌడుకు (క్షార నేలకు) మందు. మీది పాలచౌడు (ఉప్పు నేల) అయితే దానికి డబ్బు ఖర్చు పెట్టవద్దు.

ఇక సముద్రంలోకి వెళ్లే నీటి సంగతి. పెన్నా మీది సోమశిల జలాశయం సామర్థ్యం దాదాపు 78 టీఎంసీలు. లక్ష క్యూసెక్కుల వరద ఒక్కరోజు వస్తే 8.64 టీఎంసీలు. జలాశయం నిండాక వచ్చే వరదను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆపగలిగినా అంతా ఆపడం మీకే నష్టం. తీరంలో భూగర్భ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలుస్తుంది. పైన ఒక అడుగు తగ్గితే కింద ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. పెన్నా ఇసుకలో ఇంకే నీరు ఈ మట్టాన్ని నిలబెడుతుంది. నదీముఖంలో చేపలకు, రొయ్య పిల్లలకు కూడా ఆ మంచినీరే ఆధారం. నది ఎండి, ఇసుక తరిగి, బోర్లు ఎడతెగకుండా తోడుతుంటే మీ బోరులోకి వచ్చేది సముద్రమే. ఈ స్థితిలో బోరును ఇంకా లోతుకు దించవద్దని నా సలహా.

అదే కారణంతో, కోత తర్వాత బోరును నమ్ముకుని ఎడగారు (రెండో పంట) వరి వేయకండి. వానలు పడ్డాక ఎకరాకు 10-12 కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి. ఉప్పును తట్టుకునే పచ్చిరొట్ట అది.

మోటారు అరగంట ఆడాక శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టి, పొలం మట్టి నమూనాతోపాటు పరీక్షకు ఇవ్వండి. నీటి లవణ సూచిక (ఈ.సీ., మీటరుకు డెసీసీమెన్స్‌లలో) 2 లోపు ఉంటే వరికి వాడవచ్చు. 2 నుంచి 4 మధ్య ఉంటే కాలువ నీటితో కలిపే వాడాలి. 4 దాటితే ఈ పంటకు ఆ బోరు ఆపేయండి.