డాక్టర్ సలహా: డ్రెస్ సరే, ఆ ట్యూబ్ సంగతేంటి?

ప్రశ్న: మా బాబుకు 8 నెలలు, బరువు ఏడున్నర కిలోలు. మే నెలలో అమెరికా నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. అందరం నాగార్జునసాగర్ వెళ్లి, లాంచీలో నాగార్జునకొండ చూసి రావాలనుకుంటున్నాం. బాబుకు ఎండ తగలకుండా యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న ఫుల్ హ్యాండ్స్ స్విమ్ డ్రెస్ ఆన్‌లైన్‌లో చూశాను. ఒకే పీస్‌ది కొనాలా, షర్టు, ప్యాంటు విడిగా ఉన్నది మంచిదా? ఏ రంగు తీసుకోవాలి? వాడికి మెడ మడతల్లో, గజ్జల్లో చెమటకాయలు వస్తున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రెండు నెలలుగా రాస్తున్నాం. రాస్తే తగ్గుతాయి, ఆపితే మళ్లీ వస్తాయి. ఆ క్రీమ్ రాసి పైన డ్రెస్ వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: డ్రెస్ గురించి తర్వాత చెబుతానమ్మా. ముందు ఆ ట్యూబ్ సంగతి చూద్దాం.

‘రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది’ అనగానే మాకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడ్. మీరు మందు పేరు రాయలేదు, బాబును నేను చూడలేదు కాబట్టి ఖాయంగా అనలేను. ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి పేరు ఉందేమో చూడండి. చాలా ట్యూబుల్లో దానికి తోడు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపేసి ఉంటాయి. ఎరుపు, దురద మూడు రోజుల్లో పోతాయి కాబట్టి దానికి ‘మంచి మందు’ అని పేరొస్తుంది. అసలు అవి చెమటకాయలో, ఫంగసో మాత్రం ఎవరూ తేల్చరు. పసివాళ్ల మడతల్లో ఫంగస్ మామూలే. స్టెరాయిడ్ రాస్తే పైకి అణిగినట్టే ఉండి లోలోపల పాకుతుంది.

ఇవాళ పొద్దున్నే ఓపీలో ఒకావిడ డైపర్ బ్యాగులోంచి ఇలాంటి ట్యూబే తీశారు. టూత్‌పేస్ట్‌లా తోక నుంచి చుట్టుకుంటూ వచ్చారు, మూత దగ్గర కాస్త మిగిలింది. పాప గజ్జల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడి మెరుస్తోంది, కింద సన్నని ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి. ‘పక్కింటావిడ వాళ్ల బాబుకు తగ్గిందండీ’ అన్నారు. ఈ పూతమందుల్లో 14 రకాలను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇస్తున్నారు, అడగకపోయినా ఇస్తున్నారు. రెండు నెలలు రాశారు కదా, మధ్యలో ఒక్కసారైనా పిల్లల డాక్టర్‌కు చూపించాలనిపించలేదా?

ఆ క్రీమ్ రాసి పైన డ్రెస్ వేయొచ్చా అంటే, వద్దు. ఒంటి మీద మిగతా చోట్లకన్నా మడతల్లో మందు ఎక్కువగా ఇంకుతుంది. పైన డైపరో, తడిసి అతుక్కున్న డ్రెస్సో ఉంటే కట్టు కట్టినట్టే, ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. బరువుతో పోలిస్తే పసిబిడ్డల చర్మం విస్తీర్ణం మనకన్నా ఎక్కువ. గట్టి స్టెరాయిడ్ నెలల తరబడి ఒంట్లోకి పోతే ఎదుగుదల మీద కూడా ప్రభావం పడొచ్చు. అలాగని టెన్షన్ పడి ఇవాళే మీ అంతట మీరు ఆ క్రీమ్‌ను ఒక్కసారిగా ఆపేయడం, మరో మందుకు మార్చడం చేయకండి. ఈ వారంలోనే చూపించండి, ఎలా ఆపాలో వాళ్లే చెబుతారు. ఈలోగా మడతలు నీళ్లతో కడిగి, మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వండి. పౌడర్ మాత్రం చల్లకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక డ్రెస్. యూపీఎఫ్ 50 అంటే యూవీ కిరణాల్లో 2 శాతమే బట్ట దాటి వెళతాయి. మంచిదే. నీళ్లలో ఆడే పిల్లలకైతే ముందు జిప్, కాళ్ల దగ్గర బటన్లు ఉన్న ఒకే పీస్ మేలు. విడిగా ఉన్నవైతే షర్టు పైకి జారి నడుము, పొట్ట ఎండకు కాలతాయి. రంగు ఆరెంజో ఎరుపో ఉండాలి. నీలం, తెలుపు అయితే బిడ్డ నీళ్లలో పడ్డప్పుడు కనిపించడు. బిగుతుగా సాగే సైజు వద్దు, సాగితే బట్ట రక్షణ తగ్గుతుంది.

కానీ లాంచీలో మీ ఒళ్లో కూర్చునే బాబుకు ఈత డ్రెస్ ఎందుకమ్మా? పాలిస్టర్‌లో చెమట పట్టి ఆ మడతలు ఇంకా పాడవుతాయి. దగ్గర నేత ఉన్న, వదులైన ఫుల్ హ్యాండ్స్ కాటన్ చాలు. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుగు కనిపిస్తే ఎండా దూరుతుంది. తడిస్తే వెంటనే మార్చండి, తడిసిన తెల్ల కాటన్ ఎండను సరిగ్గా ఆపలేదు. మెడ వెనక్కి జారే అంచున్న టోపీ పెట్టండి. ముఖానికి, అరచేతుల వెనకవైపుకు పిల్లల జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ వాడొచ్చు. మడతల్లో, దద్దుర్ల మీద వద్దు.

నాకున్న అసలు బెంగ వేరే. మే 9 ప్రాంతంలో మనకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. లాంచీలో నీడ ఉన్నా నీళ్ల మీద నుంచి ఎండ తిరిగి కొడుతుంది. పైగా కనీసం 18 పౌండ్లు, అంటే సుమారు 8 కిలోల బరువుండి, సరిపడే లైఫ్ జాకెట్ వేసుకోగలిగే దాకా పసివాళ్లను పడవ ఎక్కించొద్దని అమెరికా కోస్ట్ గార్డ్ సలహా. కావాలంటే మీ ఆడపడుచునే అడగండి. మీవాడు ఏడున్నరే. రేవులో ఇచ్చే పెద్దవాళ్ల జాకెట్ వాడికి చుట్టినా ఒకటే, చుట్టకపోయినా ఒకటే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఏం జరిగిందో మరిచిపోలేం కదా. నన్నడిగితే మీరు కొండకు వెళ్లి రండి, బాబును అమ్మమ్మ దగ్గర ఒడ్డునే నీడలో ఉంచండి. లేదంటే డిసెంబరు దాకా ఆగండి.

ఎలా వెళ్లినా తల్లిపాలు మామూలుకన్నా తరచుగా పట్టండి. ఆరు గంటలైనా డైపర్ తడవకపోయినా, బాబు వేలాడిపోయినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. పారాసిటమాల్ చుక్కలు వేసి చూద్దాం అనుకోకండి, వడదెబ్బకు అది పనిచేయదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబ్ కూడా తీసుకెళ్లండి. ఫొటో కాదు, ట్యూబే. ఫొటోల్లో ఆ చిన్న అక్షరాలు చదవలేక మా కళ్లు పోతున్నాయి.