ఫ్లోరెన్స్ కెథడ్రల్ గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ కెథడ్రల్, అంటే ఆ నగరపు ప్రధాన చర్చి మీద నీవు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది, సమాచారానికీ లోటు లేదు. అయితే మొదటి వాక్యంలోనే గుమ్మటాన్ని పూర్తిచేసి చూపించావు కనుక, ఆ తరువాత పాఠకుడు ఎదురుచూడవలసినది ఏమీ మిగలలేదు. ఈ కట్టడం చరిత్రలో గుమ్మటం కంటే గుమ్మటం లేని కాలమే ఆసక్తికరమైనదని నా అభిప్రాయం. వాస్తుశిల్పి ఆర్నోల్ఫో ది కాంబియో 1296లో పని ప్రారంభించాడు. 1348లో ప్లేగు నగరాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. అయినా 1367లో, బయటినుంచి ఏ ఆనుగోడల ఆసరా లేకుండా, 40 మీటర్లకు పైబడిన వెడల్పు మీద గుమ్మటం లేపాలన్న నమూనాను నగరవాసులు ఓటు వేసి మరీ ఆమోదించారు. దానిని ఎలా కట్టాలో వారిలో ఎవరికీ తెలియదు! నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

ఆ గుమ్మటాన్ని కట్టిన బ్రునెల్లెస్కీని మూడు చోట్ల మేధావి అన్నావు. ఆ మాట వల్ల పాఠకుడి కళ్లకు ఏమీ కట్టదు. అతడు చేసిన పని చెప్పు. కమాను కట్టేటప్పుడు కింద చెక్కతో సెంట్రింగ్ నిలిపి, సున్నం గట్టిపడ్డాక తీసివేయడం రివాజు. అంత ఎత్తుకూ అంత వెడల్పుకూ సరిపడే కలప సమకూర్చడం అసాధ్యమనే 1418లో పోటీ ప్రకటించవలసి వచ్చింది. 1420లో పని చేపట్టిన బ్రునెల్లెస్కీ, గుమ్మటాన్ని లోపల ఒకటి, వెలుపల ఒకటిగా రెండు పొరలతో లేపాడు. పడుకోబెట్టిన ఇటుకల వరసల మధ్య అక్కడక్కడ ఇటుకలను నిలబెట్టించి, లోపలికి వాలుతున్న వరస సున్నం ఆరేలోగా జారిపోకుండా పట్టి ఉంచాడు. గోడలు బయటికి విచ్చుకుపోకుండా రాతితోనూ కలపతోనూ చుట్టూ పట్టీలు బిగించాడు. బరువులు ఎత్తడానికి అతడు చేయించిన యంత్రాన్ని ఎద్దులు తిప్పేవి; వాటిని వెనక్కి మళ్లించకుండానే బరువును పైకీ కిందికీ నడపవచ్చు. ఆ ఎద్దులకు నీ వ్యాసంలో చోటే లేకపోవడం నాకు వెలితిగా తోచింది.

కెథడ్రల్‌కు ఎదురుగా ఉన్న బాప్టిస్టరీని, అంటే జ్ఞానస్నాన మందిరాన్ని, అనుబంధంలా నాలుగు వాక్యాలలో ముగించావు. నిజానికి వయసులో అదే పెద్దది. 1059లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఎనిమిది పలకల మందిరంలోనే మహాకవి దాంతే జ్ఞానస్నానం పొందాడు. దాని కంచు తలుపుల కోసం 1401లో జరిగిన పోటీలో శిల్పి గిబెర్తీ గెలిచాడు, బ్రునెల్లెస్కీ ఓడాడు. ఆ అవమానంతోనే అతడు శిల్పం విడిచి వాస్తువైపు మళ్లాడని నీవు నిశ్చయంగా రాశావు. అది తరువాతి జీవితచరిత్రకారులు అందంగా తీర్చిన కథ కనుక, వారి మాటగానే చెప్పడం మర్యాద. దాని బదులు, ఇద్దరూ పోటీకి పోతపోసిన పలకలు నేటికీ బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి వర్ణించు. బ్రునెల్లెస్కీ విడివిడి ముక్కలను అతికించాడు. గిబెర్తీ దాదాపు అంతా ఒకే పోతలో పోసి, తక్కువ కంచుతో ముగించాడు. ఖర్చు భరించే వర్తక సంఘానికి ఆ ఆదా కనిపించకపోలేదు.

కెథడ్రల్ ముఖభాగాన్ని మధ్యయుగపు సొగసు అని పొగడకు. అది 1887లో పూర్తయింది.

చివరిగా ఒక సవరణ. బాప్టిస్టరీకి గిబెర్తీ 1452లో ముగించిన తూర్పు తలుపుల ముందు నిలబడి ఆయన చేతి పనిని తాకినంత దగ్గరగా చూడవచ్చునని రాశావు. 1966 నాటి ఆర్నో నది వరదలో ఆ తలుపుల పలకలు కొన్ని ఊడిపడ్డాయి. ఇప్పుడు గుమ్మానికి ఉన్నవి నకళ్లు, అసలువి మరమ్మతు పొంది కెథడ్రల్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్నాయి. ఆ వాక్యం మార్చి, కొత్త ప్రతి పంపు.

ఆశీస్సులతో.