కంపెనీది బాధ్యతా, ధర్మమా?

సందేహం: "సమాజం పట్ల కంపెనీల నైతిక బాధ్యత" అని నేను రాస్తే, అచ్చులో "కంపెనీల సామాజిక బాధ్యత" అని వచ్చింది. రెండూ ఒకటేనా? ఈ గొడవ లేకుండా "ధర్మం" అనేస్తే పోదా? "ఈ నష్టానికి కంపెనీ బాధ్యురాలు" అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. 'సామాజిక' అన్నది బాధ్యత ఎవరి పట్లో చెబుతుంది. 'నైతిక' అన్నది ఆ బాధ్యత దేనివల్ల వచ్చిందో చెబుతుంది. ఒక ఫ్యాక్టరీ నదిలోకి వదిలే మురుగు చట్టం పెట్టిన హద్దులోనే ఉందనుకోండి. ఆ నీళ్లు తాగేవాళ్లకు కీడని తెలిశాక దాన్ని ఆపవలసి రావడం నైతిక బాధ్యత. ఆ హద్దు దాటకుండా చూసుకోవడం చట్టపరమైన బాధ్యత. సామాజికం మాత్రం రెండూను. మీ వాక్యంలో 'సమాజం పట్ల' ముందే ఉంది కాబట్టి, ఆ దిద్దుబాటుతో కొత్తగా చేరిందేమీ లేదు, అసలు మాట పోయింది.

దిద్దినవారి ఇబ్బందీ ఊహించగలను. వార్తల్లో 'నైతిక బాధ్యత' అనగానే 'వహిస్తూ రాజీనామా' అనే తోక దానంతటదే వచ్చేస్తుంది. జరిగిపోయినదాన్ని నెత్తిన వేసుకోవడమనే అర్థం అంతగా పాతుకుపోయింది. ఆ తేడా విభక్తితో తేలిపోతుంది: 'ప్రమాదానికి బాధ్యత' అంటే జరిగినదాని గురించి, 'కార్మికుల పట్ల బాధ్యత' అంటే ఇక ముందు నడుచుకోవలసిన తీరు గురించి. మీరు 'పట్ల' అనే రాశారు, అది సరైనదే.

ఇక 'ధర్మం'. నాకూ ఇష్టమైన మాటే గానీ ఇక్కడ వద్దంటాను. 'నా ధర్మం నేను చేశాను' అన్నప్పుడు అది కర్తవ్యం, 'ధర్మం చేయండి బాబూ' అన్నప్పుడు బిచ్చం. 'దానధర్మాలు' అనే జంట ఉండనే ఉంది. 'కంపెనీల ధర్మం' అంటే చదివేవారికి బడి కట్టించడం, దుప్పట్లు పంచడం తడతాయి. జీతం ఎగ్గొట్టకపోవడం, సరుకులో లోపం దాచకపోవడం వెనక్కి పోతాయి. (ఈ తికమక కొన్ని కంపెనీలకు సౌకర్యంగానే ఉంటుంది లెండి.) 'బాధ్యత'కు ఆ చిక్కు లేదు. అది 'బాధ'కు చుట్టం, రెండిటికీ 'బాధ్' అనే ధాతువే మూలం. ఒత్తిడి, నిర్బంధం దాని అర్థంలోనే ఉన్నాయి. హిందీలో ఇదే మాటకు ఇప్పటికీ నిర్బంధమనే అర్థం. దయ తలచి చేసేదానికి ఆ పేరు పెట్టలేం.

'బాధ్యురాలు' మాత్రం కుదరదు. బాధ్యుడు, బాధ్యురాలు, బాధ్యులు అన్నీ మనుషులకే. అమహత్తుకు, అంటే మనుషులు కానివాటికి, రూపం వాడుకలో లేదు, అందుకే 'కంపెనీదే బాధ్యత' అని తిప్పి చెప్పుకుంటాం. విచిత్రమేమిటంటే, బాధ్యతలు మనుషులకే ఉంటాయి గానీ వ్యాపారానికి ఉండవని 1970లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు. లాభాలు పెంచడమే వ్యాపారానికున్న సామాజిక బాధ్యత అని తేల్చాడు. వ్యాకరణం ఆయన పక్షమే అనుకోకండి. 'బాధ్యులెవరు?' అని అడిగితే తెలుగులో జవాబు మనుషుల పేర్లతో రావాలి. నిర్ణయం తీసుకున్న డైరెక్టర్లు, సంతకం పెట్టిన మేనేజరు అందులోకి వస్తారు. మీరు చెప్పదలచింది అదే అయితే "ఈ నష్టానికి బాధ్యులు కంపెనీ డైరెక్టర్లు" అని రాయండి. సంస్థ మొత్తం గురించైతే "ఈ నష్టానికి కంపెనీదే బాధ్యత" చాలు.